హొళగుంద బీళ్లలో ఎండాకాలం కాపురాలు

ఎండలు ముదిరేసరికి తుంగభద్ర దిగువ కాలవ (ఎల్లెల్సీ)లో నీళ్లు ఆగిపోతాయి. పత్తికట్టె పీకేసి, మిరప కళ్లాలు ఎత్తేశాక హొళగుంద చుట్టుపక్కల నల్లరేగడంతా నెర్రెలు విచ్చుకుని బోసిపోతుంది. ఆదోని నుంచి సిరుగుప్ప వైపు బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి, ఇక్కడ ఎండ తప్ప ఏముందని కళ్లు మూసుకుంటారు. పిట్టలు చూడాలంటే కొల్లేరుకో, నేలపట్టుకో, పులికాట్‌కో పోవాలని మనలో చాలామంది అనుకుంటాం. పోవాల్సిందే, అవి గొప్ప చోట్లే. కానీ నీళ్లూ చెట్లూ లేని ఈ చదును నేలనే కోరి వెతుక్కునే పిట్టలున్నాయి. అవి గుడ్లు పెట్టేది సరిగ్గా ఈ మండుటెండల్లోనే.

తీతువు పిట్ట అందరికీ తెలుసు. రాత్రిపూట అరిస్తే అపశకునమని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. కంటి ముందు ఎర్రటి తోలు ఉండే ఆ తీతువు చెరువుల దగ్గరా, కాలవ గట్ల మీదా తిరుగుతుంది. దానికి తోబుట్టువు లాంటిది ఇంకొకటుంది. దీని తోలు నిమ్మపండు రంగు, కాళ్లూ పసుపే, నెత్తిన నల్లటి టోపీ. నీటి ఒడ్డు దీనికి అక్కర్లేదు, బీడు చాలు. గూడు కట్టే పని పెట్టుకోదు. నేల మీద చిన్న గుంట, దాని అంచున నాలుగు గులకరాళ్లు, లోపల నాలుగు గుడ్లు. మట్టిరంగు పెంకు మీద నల్లటి మచ్చలుంటాయి. మూడడుగుల దూరంలో నిలబడినా అవి మట్టిబెడ్డలనే అనుకుంటాం.

మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. అంత వేడిలో ఈ పిట్ట గుడ్ల మీద కూర్చుని పొదగడం మాని, వాటి పైన నిలబడి రెక్కలు కాస్త విప్పి నీడ పడుతుంది. వేడి మరీ పెరిగితే ఎక్కడో ఉన్న నీటిగుంట దాకా పోయి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడి గుడ్లకు తగిలేలా కూర్చుంటుంది. ఆడామగా వంతులవారీగా చేసే పని ఇది. మనిషో కుక్కో దగ్గరికొస్తే పైకి లేచి గోల చేస్తూ, కాస్త దూరంలో వాలి, దృష్టి మళ్లించడానికి నానా యాతన పడుతుంది. ఫొటో కోసం ఆ సమయంలో గుంట పక్కన మోకాళ్లేసి కూర్చునేవాళ్లంటే నాకు కోపం. నీడ పట్టే తల్లి పక్కకు పోయిన కాసేపట్లోనే గుడ్లు ఉడికిపోతాయి. పిట్ట అరిచిందంటే వెంటనే వెనక్కి తిరగాలి, అంతే.

పొట్ట ఈకల్లో నీళ్లు మోయడంలో దీన్ని మించింది శాండ్‌గ్రౌజ్. చూపుకు పావురంలా ఉంటుంది, తోక మొనదేలి ఉంటుంది. నేల మీద కదలకుండా కూర్చుంటే కాలికి తగిలేదాకా తెలియదు. ఇది తినేది ఎండిన గింజలే కాబట్టి రోజూ నీళ్లు తాగక తప్పదు. పొద్దెక్కే వేళకు గుంపులు గుంపులుగా నీటిగుంటల మీదికి వచ్చి వాలతాయి. మగపిట్ట నీళ్లలోకి దిగి ఒళ్లు అటూ ఇటూ ఊపుతుంది. దాని పొట్ట ఈకల్లోని సన్నని పోగులు మెలికలు తిరిగి ఉండి, తడవగానే విచ్చుకుని నీటిని పట్టి ఉంచుతాయి. ఆ తడితో మైళ్ల దూరం ఎగిరి పోతే, పిల్లలు పొట్ట కిందికి చేరి ఆ ఈకలను నోటితో జుర్రుకుంటాయి. కాలవ అడుగున మిగిలిన మడుగులు, వేదవతి నది ఇసుకలో పశువుల కోసం తవ్విన చెలమలు ఎండాకాలంలో వాటికి ప్రాణాధారం. తెల్లారకముందే పోయి, గట్టు చాటున కాస్త ఎడంగా కూర్చుంటే చాలు. చేతిలో బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకున్నా నష్టం లేదు.

పాలపిట్ట మనకు దసరాకు గుర్తొస్తుంది, దేవరగట్టు బన్ని ఉత్సవంలాగే. నిజానికి దాని సంబరం మార్చి, ఏప్రిల్‌లలో చూడాలి. కరెంటు తీగ మీద బద్ధకంగా కూర్చునే ఆ పిట్ట ఆకాశంలోకి నిట్టనిలువునా లేచి, అరుస్తూ, పల్టీలు కొడుతూ కిందికి జారుతుంది. రెక్కల్లోని రెండు నీలాలూ అప్పుడు బయటపడతాయి. 2018 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి రామచిలుక, పాలపిట్ట తెలంగాణకు మిగిలింది. మా చేలల్లో మిడతలు ఏరుకునే దానికి ఆ సంగతి పట్టదు.

ఇక రాష్ట్ర జంతువు కృష్ణజింక. హొళగుంద, కౌతాళం, ఆలూరు, ఆస్పరి వైపు దీన్ని చూడటానికి అడవికి పోనక్కర్లేదు. చెట్ల నీడ కన్నా నాలుగు దిక్కులా కనిపించే బయలే దానికి ధైర్యం. మెలితిరిగిన కొమ్ములతో నల్లఇర్రి తన హద్దులో ఒకే చోట పెంటికలు వేసి గుర్తు పెట్టుకుంటుంది. పక్క మగది అటు వస్తే తల పైకెత్తి, కొమ్ములు వీపుకు ఆనించి ఎదురు నడుస్తుంది. ఎండాకాలంలో నీళ్ల కోసం ఊళ్ల అంచుల దాకా వచ్చి కుక్కల పాలయ్యే జింకలూ ఉంటాయి.

చూడవచ్చేవాళ్లకు ఈ జింకలు ముచ్చటగానే ఉంటాయి. కానీ జూన్‌లో మొలక పైకి రాగానే మంద దిగితే రైతు గతేమిటి? పొలం చుట్టూ పాతచీరలు కట్టి, రాత్రంతా డబ్బాలు కొడుతూ కాపలా కాసే రైతులు ఈ మండలాల్లో ఎందరో. 1972 వన్యప్రాణి చట్టం కింద కృష్ణజింకకు గట్టి రక్షణ ఉంది, ఉండాలి కూడా. ఆ రక్షణ ఖర్చు మాత్రం రెండెకరాల రైతు ఒక్కడే మోస్తున్నాడు. జింకల పార్కు కావాలని రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. జింకను ప్రేమించేవాళ్లు ముందుగా గొంతు కలపాల్సింది ఈ మాటకే. రెండోసారి విత్తనం కొనాల్సి వచ్చినవాడి ముందు జీవకారుణ్యం గురించి మాట్లాడే హక్కు మనకు లేదు.

ఈ బయళ్లకు అసలు రాజు బట్టమేక. మీటరు ఎత్తు, మగది పదిహేను కిలోల దాకా బరువు, ఆడది ఒక విడతకు పెట్టేది సాధారణంగా ఒకే గుడ్డు. దానికోసమే 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టూ మెట్ట నేలలు తడి పంటలకు మారాయి, గడ్డి తగ్గింది, పిట్టలూ తగ్గి చివరికి కనిపించడం మానేశాయి. మాకు పక్కనే, బళ్లారి జిల్లా సిరుగుప్ప తాలూకా బీళ్లలో మాత్రం ఈ శతాబ్దంలోనూ కొన్ని కనిపించాయి. కర్ణాటకలో బట్టమేకకు దాదాపు చివరి తావు అదే. అక్కడి రేగడికీ ఇక్కడి రేగడికీ తేడా లేదు. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. గీత గీసింది మనుషులే. ప్రపంచం మొత్తం మీద మిగిలిన బట్టమేకలు రెండు వందలు కూడా లేవు. వాటిలో చాలావరకు రాజస్థాన్‌లోనే ఉన్నాయి. కళ్లు రెండు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న కరెంటు తీగలను సరిగా పసిగట్టలేక, తగులుకుని చనిపోతున్నాయి.

బీడంటే పనికిరాని నేలని దస్తావేజుల్లో రాసుకున్నంత కాలం ఈ నష్టం ఎవరికీ కనిపించదు. అక్కడ ఏముందో రాసిపెట్టినవాళ్లూ తక్కువే. 1930ల మొదట్లో సలీం అలీ చేసిన పేరుమోసిన పక్షుల సర్వే నిజాం రాజ్యానికి సంబంధించింది. తుంగభద్ర దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ. అవతలి రాయచూరు ఆ పరిధిలోది, ఇవతలి ఆదోని కాదు. ఈనాడు ఆ లోటు తీర్చడానికి శాస్త్రవేత్తలే రానక్కర్లేదు. కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన ఈబర్డ్ తాలూకు యాప్ ఫోన్‌లో ఉంటే, పొద్దున పావుగంట నడిచి చూసిన పిట్టలను, సంఖ్యను, చోటును ఎక్కించవచ్చు. ఏటా మే రెండో శనివారం ప్రపంచమంతా ఇలా లెక్క కడతారు. ఆ రోజు మన బడిపిల్లలు బసాపురం చెరువు దగ్గరో, దేవరగట్టు దారిలోనో, తమ చేని గట్టు మీదో నిలబడి రాసే పదిహేను పేర్లకూ అందులో చోటుంటుంది. ఇంగ్లీషు పేరు తెలియకపోతే రంగు, సైజు, అరుపు రాసుకుని ఫొటోతో తర్వాత పోల్చుకోవచ్చు. ఈ పనిలో మనకన్నా ముందున్నది గొర్రెల కాపరులు. ఏ వంకలో గుంటనక్క పిల్లలు పెట్టిందో, ఏ గుట్ట సందులో గుడ్లగూబ ఉందో, తోడేలు ఏ రాత్రి వచ్చిపోయిందో వాళ్లకు తెలుసు. వాళ్లను అడిగి రాసుకునే ఓపిక మనకు రావాలి.

తొలకరి పడ్డాక గడ్డి మోకాలెత్తు పెరిగినప్పుడు ఇంకో పిట్ట కోసం కళ్లు తెరిచి ఉంచాలి. నేలనెమలి. కోడికన్నా చిన్నది. వానాకాలంలో మగది నల్లబడి, తల వెనక సన్నని కుచ్చుటీకలు వేలాడేసుకుని, గడ్డిలోంచి గాలిలోకి ఎగిరెగిరి దూకుతూ ఆడపిట్టను పిలుస్తుంది. రోళ్లపాడులో ఒకప్పుడు ఇదీ కనిపించేది. హొళగుంద, సిరుగుప్ప మధ్య ఏ బీడులోనైనా అలా దూకే నల్లపిట్టగానీ, మనిషి నడుమెత్తు బట్టమేకగానీ కంటపడితే దగ్గరికి పోవద్దు. ఆ చోటును అందరికీ తెలిసేలా ఫోన్లలో పంచుకోవద్దు. దూరం నుంచే ఒక ఫొటో తీసి, తేదీ, సర్వే నంబరు రాసుకుని ఆదోని ఫారెస్టు ఆఫీసులో చెప్పండి.