ఉక్కుకడ్డీతో పాడించిన బడీ ఎమన్సు

మన ప్రార్థనాలయములందలి కాలి హార్మోనియమునకు చేతులతోపాటు పాదములును పని చేయవలెనని మన విద్యార్థు లెఱుగుదురు. రెండు చేతులు, రెండు పాదములు, రెండు మోకాళ్లు ఒక్కసారియే వేఱువేఱు పనులు చేయవలసిన వాద్యమొకటి అమెరికా దేశమున గలదు. దానికి పెడల్ స్టీల్ గిటారని పేరు. ఈ విద్య నెఱిగినవారు మిక్కిలి కొనియాడు బడీ ఎమన్సు 1937వ సంవత్సరము జనవరి 27వ తేదీని ఇండియానా రాష్ట్రములోని మిషవాకా పట్టణమున జన్మించి, 2015వ సంవత్సరము జులై 21వ తేదీని కాలధర్మము నొందెను. అతని వాదనమునందలి నేర్పెట్టిదో చదువరులకు దెలుపుటయే మా యుద్దేశము.

ఈ వాద్యమునకు మూలము హవాయి ద్వీపములు. అచ్చటి జోసఫ్ కెకుకు అనునతడు 19వ శతాబ్దము చివర, గిటారు తంతులను వ్రేళ్లతో మెట్లకు నొక్కుటకు మాఱుగా, వానిపై ఉక్కుముక్కను జరుపుచు వాయించు రీతిని ప్రచారమునకు దెచ్చెను. మన గోటువాద్యమునందును కొయ్యముక్కను తంతులపై జరుపుచు స్వరములను పలికింతురు గదా, ఇదియు నట్టిదే. ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు తెంపులేక జాఱవచ్చును గనుక ఇట్టి వాద్యము మనుష్యకంఠమును బోలి పలుకును.

అయితే ఇందొక చిక్కు గలదు. కడ్డీ తిన్ననిది, తంతులన్నిటిని సమానముగనే హెచ్చించును, సమానముగనే తగ్గించును. స, గ, ప అని శ్రుతిచేసిన మూడు తంతులపై దాని నెచ్చటికి జరిపినను ఆ మూడు స్వరముల నడుమనున్న దూరము మాఱదు. పాశ్చాత్యసంగీతమునకో, ఒక్కసారి పలుకు స్వరముల కూర్పు మాఱుచుండుటయే ప్రాణము. ఈ కొఱత దీర్చుటకై వాద్యమునకు క్రింద పెడళ్లను, మోకాళ్లతో నొత్తు మీటలను అమర్చి, వానినుండి తంతుల కొనలవఱకు ఊచలను సంధించిరి. పాదముతో దొక్కగనే, కోరిన తంతి మాత్రము బిగిసి దాని స్వరము హెచ్చును.

1954వ సంవత్సరమున ప్రసిద్ధినొందిన వెబ్ పియర్సు గారి ‘స్లోలీ’ యను పాటలో బడ్ ఐజాక్సు అను వాద్యకుడు, తంతులు మ్రోగుచుండగనే పెడలును దొక్కి, స్వరములు కదలుటను శ్రోతల చెవిని వేసెను. అతని పెడలు పంచమమును ధైవతమునకును, గాంధారమును మధ్యమమునకును ఒక్క త్రొక్కుడుతో హెచ్చించి, స-గ-ప యను కూర్పును స-మ-ద యను కూర్పుగా జేయుచుండెను. ఎమన్సు ఆ యొక్క పనిని రెండు పెడళ్లకు పంచెను. ఒకటి పంచమమును ధైవతముగా జేయును. రెండవది గాంధారమును మధ్యమముగా జేయును. చూచుటకిది స్వల్పమైన మార్పు. ఫలము మాత్రము గొప్పది. నాలుగు గొంతుల గాయకబృందమున ఒక గొంతు మెట్టెక్కుచుండగా మఱియొక గొంతు తన స్వరముననే నిలిచియుండుట మనము కీర్తనలు పాడునపుడు వినుచున్నాము. ఆ సొగసు ఈ మార్పుచేత వాద్యమునకు గూడ లభించినది. మొదటి పెడలును మాత్రమే త్రొక్కినచో స-గ-ద యను విషాదచ్ఛాయ గల కూర్పు పలుకును. రెండింటిని ఒక పాదముతోనే త్రొక్కవచ్చును. ఒకదానిని విడిచి ఒకదానిని నిలుపవచ్చును.

అతడంతటితో నాగలేదు. 1962వ సంవత్సర ప్రాంతమున మఱి రెండు తంతులను జేర్చెను. ఇవి షడ్జమునకు పైనున్న రిషభము, క్రిందనున్న నిషాదము. వీనిని హెచ్చుతగ్గుల వరుసను బట్టిగాక, వాద్యకునికి మిక్కిలి దూరముగా, మొదటి రెండు తంతుల స్థానమున నుంచెను. కూర్పులకే తగియున్న వాద్యమున, కడ్డీని కదపకయే, దగ్గఱ దగ్గఱ స్వరములతో రాగమును నడపుటకు దీనివలన వీలు కలిగెను. నేడీ పది తంతుల శ్రుతియు, ఆ రెండు పెడళ్ల పంపకమును ఎందఱో వాద్యకులు వాడుచున్నారు.

ఇన్ని యూచలు, మీటలు ఉండగా నేర్పు యంత్రముదా, మనుష్యునిదా యని యొకరు అడుగవచ్చును. ఆ వాదనమును జాగ్రత్తగా విన్నవారి కీ సందేహము నిలువదు. ఈ తంతులు మీటినపిదప చాలసేపు మ్రోగుచునే యుండును. వెనుకటి స్వరము నణపక ముందటి స్వరమును మీటినచో రెండును గలిసి రొద యగును. కావున వాద్యకుడు కుడిచేతి యంచునో, తొడుగు దొడిగిన వ్రేలికొననో తంతిపై నానించి, ప్రతి స్వరమును దాని కాలము తీఱగనే అణపవలెను. ఎడమచేతి వ్రేళ్లు కడ్డీ వెనుకనున్న తంతులను మెల్లగా నంటి అచ్చటి చప్పుడు నణచును. ఎమన్సు ఎంత వేగముగా వాయించినను ప్రతి స్వరము విడివిడిగా ముత్యమువలె వినబడుటకు కారణము ఈ యణచుటయే. మీటుట పదుగురు నేర్తురు. ఊరకుండజేయుట నేర్చినవారు కొందఱే.

శ్రుతి మాట యింకను కష్టము. వాద్యముపై గీతలున్నను అవి కంటికి గుఱుతులే గాని వ్రేలిని నిలుపు మెట్లు గావు. కడ్డీ వెంట్రుకవాసి తప్పినను అపశ్రుతి పలుకును. ఇంతలో కుడిపాదము నాదబలమును మార్చు మఱియొక పెడలుపై నుండి, తగ్గిపోవు ధ్వనిని కొంచెము కొంచెముగా పెంచుచుండవలెను. ఈ పనులన్నిటిని నడపునది చెవి యొక్కటే. చెవికి యంత్రము లేదు.

ఎమన్సు పదునొకండవ యేట ఆఱు తంతుల వాద్యముతో అభ్యాసము ప్రారంభించి, పదునెనిమిదవ యేట నాష్‌విల్ నగరము జేరి లిటిల్ జిమ్మీ డికెన్సు బృందమున ప్రవేశించెను. షాట్ జాక్సను అను వాద్యకునితో గలిసి 1957వ సంవత్సర ప్రాంతమున ‘షో-బడ్’ అను వాద్యనిర్మాణశాలను స్థాపించెను. 1963వ సంవత్సరమున తన పేరిట వాద్యములు నిర్మించు మఱియొక సంస్థను నెలకొల్పుటలో పాల్గొనెను. పల్లెపాటలకే తగునని తలంపబడిన ఈ వాద్యముపై, ఆ సంవత్సరముననే ‘స్టీల్ గిటార్ జాజ్’ అను సంపుటమును వెలువరించెను.

వాయించువాడే వాద్యమునకు లోపమెచ్చటనో కనిపెట్టి, దానిని చక్కజేసి, చక్కజేసినదానికి తగినట్లు మరల తన చేతులను సాధన చేసికొనెను. పరికరము బాగులేదని పని మానువారును గలరు. పరికరము బాగుగ నున్నదని సాధన మానువారును గలరు. ఎమన్సు ఈ రెండు తెగలలోను జేరినవాడు కాడు. మా విద్యార్థులు అతని వాదనమును వినునపుడు పలికిన స్వరములనే గాక, సరియైన క్షణమున ఆగిన స్వరములను గూడ గమనింతురుగాక.