వెన్ను బిగిసింది... వైద్యం భయపెట్టింది

వరంగల్‌లో పాతికేళ్ల కుర్రాడికి నడుం పట్టేస్తే, రోజూ కాజీపేట దాకా బండి నడపడం వల్లేనంటారు ఇంట్లోవాళ్లు. కానీ తెల్లారి లేచేసరికి కొయ్యబారి, కాసేపు తిరిగితే సర్దుకునే నొప్పి మూడునెలలు దాటినా వదలకపోతే? అది యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. ముదిరితే వెన్నుపూసలు అతుక్కుపోతాయి. అలాంటి వెన్ను చిన్నగా జారిపడ్డా విరగొచ్చు. కొందరికి కన్ను ఎర్రబడి చూపు మసకబారుతుంది.

ఒకప్పుడు దీనికి వెన్నుకు రేడియేషన్ ఇచ్చేవారు. నొప్పి తగ్గేది, నిజమే. బ్రిటన్‌లో 1935-54 మధ్య ఆ చికిత్స పొందిన 13 వేలమందికి పైగా రోగుల వివరాలను కోర్ట్ బ్రౌన్, రిచర్డ్ డాల్ పరిశీలించారు. వారిలో రక్తక్యాన్సర్ మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని 1957లో తేల్చారు. క్రమంగా ఆ వైద్యం మూలపడింది.

ఇప్పుడు వ్యాయామం, వాపు తగ్గించే మాత్రలు, అవసరమైతే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఎంజీఎంలో డాక్టరు ఎక్స్‌రే రాస్తే జంకక్కర్లేదు. నాటి చికిత్స మోతాదు ముందు అది చాలా చాలా తక్కువ.