జీటీఎక్స్ 1080 టీఐ వర్సెస్ ఆర్‌టీఎక్స్ 4060: పాతది ఇప్పుడు కొనొచ్చా?

"సెకండ్ హ్యాండ్‌లో 1080 టీఐ చవగ్గా దొరుకుతోంది, తీసుకోనా?" పీసీ బిల్డ్ చేసుకునే ఫ్రెండ్స్ తరచూ అడిగే ప్రశ్న ఇది. ఆర్‌టీఎక్స్ 4060తో పోల్చి చూద్దాం.

పేపర్ మీద పాతదానిదే పైచేయి. 2017లో వచ్చిన 1080 టీఐలో 11 జీబీ మెమరీ, 352 బిట్ బస్, సెకనుకు 484 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. 2023లో వచ్చిన 4060లో 8 జీబీ, 128 బిట్, 272 జీబీ మాత్రమే.

మరి కొత్తది వెనకబడాలి కదా? పడదు. దాని చిప్ లోపలే 24 ఎంబీ ఎల్2 క్యాష్ ఉంది. పాతదాంట్లో 3 ఎంబీ కూడా లేదు. కావాల్సిన డేటా చాలాసార్లు క్యాష్‌లోనే దొరికేస్తే మెమరీ దాకా వెళ్లే పని తగ్గుతుంది. అందుకే రే ట్రేసింగ్ లేని చాలా గేమ్స్‌లో, ఫుల్ హెచ్‌డీలో, రెండూ ఇంచుమించు పక్కపక్కనే ఉంటాయి.

తేడా కరెంటు దగ్గర మొదలవుతుంది. పాతది 250 వాట్లు, కొత్తది 115. ఫుల్ లోడ్‌లో రోజుకు 4 గంటలు ఆడితే నెలకు 16 యూనిట్లు ఎక్కువ కాలుతాయి.

అసలు దెబ్బ ఫీచర్లది. 1080 టీఐలో రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేదు, డీఎల్ఎస్ఎస్ పనిచేయదు. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్‌కి ఆ హార్డ్‌వేర్ తప్పనిసరి. అక్కడ ఎఫ్‌పీఎస్ తగ్గడం కాదు, అసలు గేమే ఆడలేం.

ఇప్పటికే 1080 టీఐ ఉండి, పాత గేమ్స్ ఆడేవాళ్లు హాయిగా వాడుకోండి. కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు మాత్రం జీబీలు చూసి మోసపోకండి. మీరు ఆడాలనుకునే గేమ్ మినిమమ్ రిక్వైర్‌మెంట్స్ ముందు చూడండి.