ఓ పేర్ అమ్మాయి తిండి ఖర్చు ఎవరిది?

మన కాలేజీలో సాయంత్రాలు జర్మన్ నేర్చుకునేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు డిగ్రీ అయ్యాక ‘ఓ పేర్’గా వెళ్దామనుకుంటున్నారు. ఇంట్లో నాన్నలు వీసా గురించి అడుగుతారు, భద్రత గురించి అడుగుతారు. అమ్మలు మాత్రం “అక్కడ తిండికెట్లా?” అంటారు. చిన్న ప్రశ్నే గానీ, ఆ ఏడాది సుఖంగా గడవడం చాలావరకు దీని మీదే ఉంటుంది. మా పెద్దమ్మ కూతురు అలా ఒక ఏడాది జర్మనీలో ఉండి వచ్చింది. అక్క చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను.

‘ఓ పేర్’ ఫ్రెంచి మాట. ‘సమానంగా’ అని అర్థం. పనిమనిషిగా కాకుండా ఇంట్లో మనిషిగా ఉండి, పిల్లల్ని చూసుకుంటూ ఆ దేశపు భాష నేర్చుకోవడం దీని ఉద్దేశం. జర్మనీలో వారానికి 30 గంటలకు, రోజుకు 6 గంటలకు మించి పని ఉండకూడదు. గది, భోజనం ఉచితం. అవి కాక నెలకు 280 యూరోలు చేతిఖర్చుకు, 70 యూరోలు భాష క్లాసుకు ఇవ్వాలి. కాబట్టి ఆ 280లోంచి తిండికని పట్టుకోకూడదు.

అమెరికాలో లెక్క వేరు. గంటకు 7.25 డాలర్ల కనీస వేతనం చొప్పున వారానికి 45 గంటలకు 326.25 డాలర్లు. అందులో గదికీ భోజనానికీ 40 శాతం తీసేస్తే మిగిలేది 195.75. వారానికి కనీసం ఇవ్వాల్సింది అంత. అంటే తిండి ఖర్చు ముందే తీసేసుకున్నారన్నమాట. మళ్ళీ సరుకులకు డబ్బడిగితే ఒకే అన్నానికి రెండుసార్లు కట్టినట్టు.

నియమం ఇంత తేటగా ఉంటే చిక్కెక్కడ? మన మొహమాటం దగ్గర. పరాయి ఇంట్లో అన్నం అడగకూడదని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. మనవైపు “వద్దండీ” అంటే, “కొంచెం వేసుకోమ్మా” అని మళ్ళీ వడ్డిస్తారు. అక్కడ ఒక్కసారి వద్దంటే వద్దనే అర్థం. మొదటి వారం అక్క మర్యాదకు వద్దని, రాత్రి నీళ్ళు తాగి పడుకుంది. పైగా చాలా జర్మన్ ఇళ్ళలో రాత్రిపూట వండరు, బ్రెడ్డూ చీజూ తింటారు. ఆదివారం అంగళ్ళు మూసేస్తారు, తెచ్చుకుందామన్నా దొరకదు. చివరికి ఆ ఇంటావిడే ఫ్రిజ్ మీద అంటించిన సరుకుల చీటీ చూపించి, “నీకు కావలసినవి కూడా రాయి” అంది. అక్క బియ్యం, కందిపప్పు, పెరుగు రాసింది. ఆ వారంనుంచి అవి ఇంటి సరుకుల్లో కలిసిపోయాయి.

తర్వాత వాళ్ళు మాట్లాడుకుని పెట్టుకున్న పద్ధతి ఇది:

• రోజూ తినే బియ్యం, పప్పు, కూరగాయలు, పాలు, పండ్లు ఇంటి ఖర్చు.
• పిల్లల్ని బయటికి తీసుకెళ్ళినప్పుడు తిన్నది, తాగింది ఇంటి ఖర్చు. దానికి వేరే కవరులో డబ్బు ఉంటుంది, బిల్లులు అందులోనే వెయ్యాలి.
• సెలవు రోజు స్నేహితులతో హోటల్‌కి వెళ్తే అక్క ఖర్చు.
• ఇండియన్ అంగడిలో మురుకులు, ఊరగాయ సీసా లాంటివి కూడా అక్క ఖర్చే.
• ఇంటిల్లిపాదికీ సాంబారు పెడితే సామాను వాళ్ళది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ విషయాలు ఒప్పందం మీద సంతకం పెట్టకముందే, వీడియో కాల్‌లో అడిగెయ్యండి. మాంసం తినకపోతే అప్పుడే చెప్పండి. “ఫ్రిజ్‌లో ఏదైనా తీసుకోవచ్చా, అడిగి తీసుకోవాలా?” అనీ అడగండి. అది దురాశ కాదు. జవాబు చెప్పడానికి నసిగే ఇల్లయితే, అదీ ముందే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట. మన ఊళ్ళోనూ ఇళ్ళలో ఉండి పిల్లల్ని చూసుకునే అమ్మాయిలున్నారు. కొన్నిచోట్ల వాళ్ళకి వేరే కంచం, వేరే గ్లాసు, అందరూ తిన్నాక మిగిలింది. వాళ్ళ చేతికొచ్చే జీతం గురించి మాట్లాడేటప్పుడు “తిండి కూడా పెడుతున్నాం కదా” అంటాం. అక్కడ మన అమ్మాయికి బల్ల దగ్గర సమానంగా చోటు కావాలని అడుగుతాం. ఇక్కడ ఆ అమ్మాయి ఏం తింటుందో, ఎప్పుడు తింటుందో ఈ ఆదివారం మన ఇళ్ళలో ఒకసారి చూద్దాం.