పెళ్ళి కాని కాపురం – శ్రీసభ బోధ

కాన్పుల వార్డులో పేరు రాసేటప్పుడు భర్త పేరు అడుగుతాం. కొందరు తలవంచుకుంటారు. ఆ ప్రశ్నకు భయపడే కొందరు ఏడో నెల దాకా పరీక్షలకు రారు. ఈలోగా రక్తహీనత, బి.పి. ముదిరిపోతాయి. కాబట్టి శ్రీసభ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకుందాం.

కతోలికులకు వివాహం ఏడు దివ్యసంస్కారాలలో ఒకటి. స్త్రీ పురుషులు స్వేచ్ఛగా ఇచ్చుకునే సమ్మతే దానికి ప్రాణం. ఆ సమ్మతిని గురువు ఎదుట, ఇద్దరు సాక్షుల ముందు తెలపాలి. జీవితాంతం తోడుంటానని మాట ఇవ్వకుండా కాపురం చేయడం తప్పని శ్రీసభ బోధ. కొన్నాళ్ళు కలిసి ఉండి చూద్దాం, కుదిరితే పెళ్ళి అనడాన్నీ ఒప్పుకోదు. మనిషి వాడి చూసే వస్తువు కాదు కదా!

అయితే అలా ఉంటున్న వారందరినీ ఒకే గాటన కట్టలేదు. 1981లో రెండవ జాన్ పాల్ పోపుగారు 'ఫమిలియారిస్ కొన్సోర్సియో' లేఖలో పేదరికం, తెలియనితనం వంటి కారణాలు చెప్పి, ఒక్కొక్కరి పరిస్థితిని విడిగా, గౌరవంగా తెలుసుకోమని గురువులను కోరారు. పెళ్ళి ఖర్చు భరించలేక కలిసి ఉండిపోయేవారి గురించి 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు కూడా 'అమోరిస్ లెతీసియా'లో ప్రస్తావించారు.

మన దగ్గరా కట్నం కుదరక, విందుకు డబ్బు చాలక ఆగిన పెళ్ళిళ్ళున్నాయి. విందు సంస్కారంలో భాగం కాదండీ! ఒకరు హిందువైనా పీఠాధిపతుల అనుమతితో దేవాలయంలో వివాహం జరుగుతుంది. రిజిస్టరు పెళ్ళి చేసుకున్నవారు విచారణ గురువులను కలిస్తే సరిచేసుకునే మార్గం చెబుతారు. ఇదివరకే ఒక పెళ్ళి అయినవారి సంగతి వేరు, దాన్ని మేత్రాసన న్యాయస్థానం పరిశీలించాలి.

ఇక బిడ్డ మాట. తల్లిదండ్రులకు పెళ్ళి కాలేదన్న ఒక్క కారణంతో జ్ఞానస్నానం ఆగదు. ఇద్దరిలో ఒకరైనా ఒప్పుకోవాలి, విశ్వాసంలో పెంచుతారన్న నమ్మకం ఉండాలి. ప్రాణాపాయంలో, తల్లి కోరితే, నర్సు కూడా ఇవ్వవచ్చు. పెళ్ళికాని తల్లి అఫిడవిట్ ఇస్తే బిడ్డకు జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినది ఒక క్రైస్తవ తల్లే. పెళ్ళిలాంటి బంధంలో దెబ్బలు తింటున్న స్త్రీకి 2005 గృహహింస చట్టం రక్షణ ఇస్తుంది.

ఆపరేషన్ కాగితం మీద మేజరైన స్త్రీ తన సంతకం తానే చేయవచ్చు. భర్త పేరు గడి ఖాళీగా ఉన్నా కార్డు రాస్తాం. మూడో నెల దాటకముందే రండి.