రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లోనే స్పానిష్: పాత ఫోన్‌తో పది నెలల మా ప్రయోగం

ఇప్పటిదాకా నేను ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు రివ్యూ చేశాను. ఈసారి చేతిలో ఉన్నది కొత్త గ్యాడ్జెట్ కాదు, మా అక్క వాడే ఐదేళ్ల నాటి ఫోన్. 3జీబీ ర్యామ్, 32జీబీ స్టోరేజ్, మూలన పగిలిన స్క్రీన్, సాయంత్రానికి చతికిలబడే బ్యాటరీ. దీంతో తొమ్మిదేళ్ల మా మేనకోడలికి స్పానిష్ నేర్పడం కుదురుతుందా లేదా అన్నదే ఈ రివ్యూ.

మాది పలాస-కాశీబుగ్గ. అక్క జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని చేస్తుంది. బావది ఉద్దానం తీరంలో వజ్రపుకొత్తూరు మండలం. ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీదే ఉంటాడు. వేటకెళ్తే ఇరవై రోజుల దాకా సిగ్నల్ ఉండదు. ఒడ్డుకొచ్చిన రోజు చేసే కాల్ కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తాం. 2018లో వేరావల్ నుంచి వెళ్లిన మన జిల్లా మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ కాల్ విలువ ఇంకా పెరిగింది.

అసలు స్పానిష్ ఎందుకు?

కారణం మెస్సీ. ఒకరోజు పిల్ల ఆయన ఇంటర్వ్యూ రీల్ చూస్తూ "మావయ్యా, ఏటంతన్నాడు?" అని అడిగింది. నాకూ తెలీదు. "ఇంగ్లీష్ కాదా అది?" అంది. స్పానిష్ అన్నాను. "అయితే నానది నేర్సుకుంతాను" అంది. అంతే.

ముందు నేనూ అందరిలాగే ఆలోచించాను. ఒక ఆన్‌లైన్ క్లాస్ వాళ్లకు ఫోన్ చేస్తే చెప్పిన ఏడాది ఫీజు అక్క రెండు నెలల కూలి కంటే ఎక్కువ. దానికి తోడు "పెద్ద స్క్రీన్ ఉన్న ట్యాబ్ తప్పనిసరి" అన్నారు. ఈఎంఐ పెడదామా అన్నాను. అక్క ఒక్కటే మాట చెప్పింది: "ఉన్న ఫోన్‌తో అవ్వకపోతే ఒద్దు." దాంతో రూల్ ఫిక్స్ అయింది. కొత్త డివైస్ లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు. ఇంట్లో ఎలాగూ వేయించుకునే డేటా ప్యాక్ మాత్రమే.

మొదటి మూడు నెలలు: ఫెయిల్

బావ వేరావల్ వెళ్లిన ఆగస్టులోనే మొదలుపెట్టాం. గేమ్‌లా ఉండే ఒక యాప్ వేసి ఫోన్ చేతికిచ్చేశాను. పిల్ల దూసుకెళ్లింది. పాయింట్లు, స్ట్రీక్, లీగ్ అన్నీ బాగున్నాయి. నేను స్క్రీన్‌షాట్లు తీసి స్టేటస్ పెట్టుకున్నాను. అరవై రోజుల తర్వాత "నాకు నీళ్లు కావాలి అని స్పానిష్‌లో చెప్పు" అంటే నా మొహం చూసింది. నాలుగు ఆప్షన్లు ఇస్తే కరెక్ట్‌గా నొక్కుతుంది, నోటితో ఒక్క వాక్యం రాదు.

నవంబర్‌లో ఒక రాత్రి అంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. లీగ్‌లో పై స్థానం కోసం పిల్ల గంటన్నర ఆడింది. ఫోన్ ఆఫ్ అయింది. అప్పుడే కరెంటు పోయింది. పొద్దున ఛార్జ్ పెట్టి ఆన్ చేస్తే బావ నుంచి ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే స్విచ్డ్ ఆఫ్, బోటు వెళ్లిపోయింది. మళ్లీ ఆయన గొంతు వినడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ పిల్ల ఫోన్ ముట్టుకోలేదు. అక్క ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

తప్పు యాప్‌ది కాదు. ఫోన్‌ని టీచర్ అనుకుని నేను పక్కకు తప్పుకోవడం అసలు తప్పు.

కొత్త సెటప్: ఫోన్ 20 నిమిషాలే

డిసెంబర్‌లో మళ్లీ మొదలుపెట్టాం. రూల్స్ ఇవి. బ్యాటరీ 60 శాతం కంటే తక్కువుంటే స్పానిష్ పాఠం ఫోన్‌లో ఉండదు, కాగితం మీదే. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యాప్ టైమర్ 20 నిమిషాలు. రాత్రి ఏడు దాటాక ఫోన్ బావ కాల్ కోసమే. ఇక టూల్స్ చూద్దాం, అన్నీ ఉచితమే.

లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్: ఇది పిల్లకు కాదు, నాకు. మిహాలిస్ ఎలెఫ్తెరియూ అనే టీచర్ చేసిన ఆడియో కోర్సు. స్పానిష్‌లో 90 ట్రాక్‌లు ఉన్నాయి, ప్రకటనలు లేవు. ట్రాక్‌లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పలాస నుంచి టెక్కలి బస్సులో వెళ్లొస్తూ రోజుకొకటి విన్నాను. ఇంట్లో ఒక పెద్దవాళ్లు పిల్ల కంటే పది అడుగులు ముందుంటే చాలు.

డ్యుయోలింగో: దీన్ని పెట్టిన లూయిస్ వాన్ ఆన్ గ్వాటెమాలాలో పుట్టినవాడు, స్పానిష్ ఆయన మాతృభాష. వెబ్‌సైట్లలో మనల్ని విసిగించే రీక్యాప్చా కూడా ఆయన చేసిందే. ఉచిత ప్లాన్‌లో ప్రకటనలు ఉంటాయి, కొంతసేపటికి ఆగాల్సి ఉంటుంది. నా దృష్టిలో అది మంచిదే. రోజుకు ఒక్క పాఠం చేసి మూసేస్తాం. మెయిన్ కోర్సుగా కాదు, ప్రాక్టీస్‌గా వాడండి.

యాంకీడ్రాయిడ్: ఆండ్రాయిడ్‌లో పూర్తి ఉచితం, ఓపెన్ సోర్స్. మర్చిపోయే టైమ్‌కి కార్డు మళ్లీ చూపిస్తుంది. కార్డులో మన గొంతు రికార్డ్ చేయొచ్చు. పిల్ల ఇంట్లో వస్తువుల ఫోటోలు తీసి, తనే పేరు పలికి కార్డులు చేసింది. రెడీమేడ్ కార్డుల కంటే ఇవే గుర్తుంటున్నాయి. ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి, గమనించండి.

యూట్యూబ్: డ్రీమింగ్ స్పానిష్ ఛానల్‌లో బిగినర్ వీడియోలు వెతకండి. టీచర్ బొమ్మలు గీస్తూ స్పానిష్‌లోనే మాట్లాడతారు. చిన్న పిల్లలకైతే స్పెయిన్‌లో తయారైన పోకోయో కార్టూన్. మాటలు తక్కువ, బొమ్మ చూస్తేనే విషయం అర్థమవుతుంది. స్పీడ్ 0.75లో పెట్టండి.

స్టోరీవీవర్: ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన ఉచిత కథల వేదిక. కొన్ని కథలు తెలుగులోనూ ఉంటాయి, స్పానిష్‌లోనూ ఉంటాయి. ముందు తెలుగులో చదివి, తర్వాత అదే కథ స్పానిష్‌లో. నిఘంటువు అవసరం దాదాపు రాదు.

గూగుల్ ట్రాన్స్‌లేట్, జీబోర్డ్: ట్రాన్స్‌లేట్‌లో స్పానిష్‌ని ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కరెంటు, సిగ్నల్ లేని రోజులు ఎలా ఉంటాయో ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే మా ఇంట్లో ఏ యాప్‌కైనా మొదటి ప్రశ్న "ఆఫ్‌లైన్‌లో పని చేస్తుందా?" అనే. ఇక జీబోర్డ్‌లో స్పానిష్ యాడ్ చేసి, వాయిస్ టైపింగ్ ఆన్ చేసి పిల్లను మాట్లాడమనండి. ఫోన్ సరిగ్గా రాస్తే ఉచ్చారణ దాదాపు పాస్. దాదాపు అని ఎందుకంటున్నానంటే, తప్పు పలికినా అది ఊహించి రాసేస్తుంటుంది.

అసలు సీక్రెట్ ఫీచర్: తెలుగు

పది నెలల్లో నాకు దొరికిన పెద్ద విషయం ఏ యాప్‌లోనూ లేదు. స్పానిష్‌ని ఇంగ్లీష్ మీదుగా నేర్పడం మానేసి నేరుగా తెలుగు నుంచి నేర్పండి.

ముందు ఉచ్చారణ. స్పానిష్‌లో అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. రాసినట్టే పలుకుతారు. వాళ్ల త, ద మన త, ద లాంటివే, ఇంగ్లీష్ ట, డ కాదు. అక్షరమాలలో ఉండీ మనం ఎప్పుడూ విడిగా వాడని 'ఞ' వాళ్లకు రోజూ కావాలి: బాబుని 'నీఞో' అంటారు. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. ఇంగ్లీష్ వాళ్లు నెలల తరబడి తంటాలు పడే ఈ తేడా మా గుంట ఒక్క పూటలో పట్టేసింది.

తర్వాత వ్యాకరణం. మనం 'నేను' అనకుండా 'తింటాను' అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. స్పానిష్ కూడా అంతే. తింటాను 'కోమో', తింటావు 'కోమెస్', తింటాం 'కోమెమోస్'. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: 'తూ', 'ఉస్తెద్'. అన్నిటికంటే ముద్దొచ్చేది ఇష్టం గురించి చెప్పే తీరు. 'మె గుస్తా ఎల్ కోకో' అంటే అచ్చం మన 'నాకు కొబ్బరి ఇష్టం'. ఇంగ్లీష్‌లో 'ఐ లైక్' అని నేర్చుకుని వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. మనకు సొంతిల్లే.

మాటలు కూడా కొన్ని పాత చుట్టాలే. పోర్చుగీసు వాళ్ల నుంచి మనకు వచ్చిన మేజా, బొత్తాం, తువ్వాలు, అలమారా, మేస్త్రీ గుర్తున్నాయా? స్పానిష్, పోర్చుగీసు అక్కాచెల్లెళ్లు కాబట్టి అవి స్పానిష్‌లో 'మేసా', 'బొతోన్', 'తొఆయా', 'అర్మారియో', 'మయెస్త్రో'. అసలు జీడిమామిడి చెట్టే బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్లు తెచ్చింది. జీడిపప్పుని స్పెయిన్‌లో 'అనకార్దో' అంటారు, లాటిన్ అమెరికాలో చాలాచోట్ల 'మరఞోన్' అంటారు.

అంకెలు మాత్రం అక్క నేర్పింది. జీడిపప్పు గ్రేడ్లు డబ్ల్యూ 180, 210, 240, 320 అని ఉంటాయి కదా, అంటే ఒక పౌండుకి దాదాపు అన్ని పప్పులు. నంబర్ పెరిగేకొద్దీ పప్పు చిన్నది. అక్క పని నుంచి వచ్చి "ఈరోజు రెండొందల నలభై" అంటే పిల్ల "దోసియెంతోస్ క్వారెంతా" అనాలి. మా అమ్మ మధ్యలో "ఓలమ్మో, ఇదేటి బాసే" అని నవ్వుతుంది. వందల లెక్క వారంలో వచ్చేసింది.

కష్టం ఎక్కడ?

స్పానిష్‌లో వస్తువులకు కూడా ఆడ, మగ ఉంటాయి. బల్ల ఆడ, పుస్తకం మగ. తెలుగులో ఈ గోల లేదు కాబట్టి ఇక్కడ మనకు షార్ట్‌కట్ దొరకదు. పాత క్యాలెండర్ వెనక రెండు రంగుల పెన్నులతో రాసి గోడకు అతికించాం. ఇంకా తప్పులు వస్తూనే ఉన్నాయి. జరిగిపోయిన వాటి గురించి చెప్పడం ఇంకా రాదు. మాట్లాడే మనిషి దొరకకపోవడం పెద్ద లోటు. నా పేరుతో ఉన్న ఏఐ చాట్‌బాట్ ఖాతాలో, నేను పక్కన కూర్చుని, వారానికోసారి కబుర్లు చెప్పిస్తున్నాను. చిన్నపిల్లల చేతికి దాన్ని ఒంటరిగా ఇవ్వకండి.

సర్టిఫికెట్ కావాలంటే ఖర్చు తప్పదు. డెలే పరీక్షలో స్కూలు పిల్లల కోసం 11 నుంచి 17 ఏళ్లకు వేరే పేపర్ ఉంది. మాకు ఇంకా టైముంది. పెద్దయ్యాక సీరియస్‌గా చదవాలంటే హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ ఉంది. తెలుగు నేల మీద ఈ భాష కొత్తదేమీ కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. ఆయన పెట్టిన ఆర్డీటీ వల్ల ఆ జిల్లా పల్లెలకూ స్పెయిన్‌కీ ఎన్నో ఏళ్లుగా రాకపోకలున్నాయి.

ఫైనల్ వర్డిక్ట్

పది నెలల తర్వాత మా మేనకోడలు తన గురించి, ఇంటి గురించి, ఇష్టాల గురించి చిన్న వాక్యాల్లో నాలుగైదు నిమిషాలు మాట్లాడుతుంది. చిన్న కథ చదువుతుంది. మెస్సీ ఇంటర్వ్యూ మాత్రం ఇంకా అర్థం కాదు, అక్కడక్కడా మాటలు పట్టుకుని అరుస్తుంది. ఖర్చు సున్నా, కానీ ఉచితం కాదు. రోజూ నా అరగంట పోయింది. ఆ అరగంట పెట్టలేకపోతే ఎంత ఖరీదైన ట్యాబ్ కొన్నా నా మొదటి మూడు నెలల కథే మీదీ అవుతుంది.

జూన్‌లో వేట నిషేధం మొదలవగానే బావ వచ్చాడు. మొదటి రోజు భోజనం దగ్గర పిల్ల చేపముక్క చూపించి "పెస్కాదో" అంది. ఇంకోటి కూడా ఉంది నాన్నా, 'పెస్' అని చెప్పింది. "రెండూ చేపేనేటి?" అన్నాడు బావ. నీళ్లలో ఈదుతుంటే పెస్, పట్టి ఒడ్డుకు తెస్తే పెస్కాదో అని వివరించింది.

బావ ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "బాగుందే. ఆ బాసోల్లకి వేట తెలుసు" అన్నాడు. తర్వాత రెండు మాటలూ నెమ్మదిగా, తప్పు లేకుండా, తనూ పలికాడు.