పైన కంపునల్లి, కింద నీటినల్లి: కషాయం ఎక్కడ పడాలి?

వరి పాలు పోసుకునేటప్పుడు ఒకే చేనులో రెండు రకాల నల్లులుంటాయి. ఒకటి మన గింజ తాగేస్తుంది, ఇంకోటి మన సుడిదోమని తింటుంది. ఇది పట్టించుకోక ఐనవిల్లిలో మా సార్వా చేను ఒకసారి పాడుచేసుకున్నాను. అందుకే ఈ వీడియో.

ముందు పేరు గొడవ. మనం కంకినల్లి అనేది అసలు నల్లే కాదండి. దానికి ఎనిమిది కాళ్లు, సాలీడు వర్గం. నల్లికి ఆరు కాళ్లు, సూదిలాంటి ముక్కు. నమలదు, గుచ్చి పీలుస్తుంది, మంచంలో నల్లి లాగే.

కంపునల్లి సన్నగా, పొడుగు కాళ్లతో ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. ముట్టుకుంటే ఒకటే కంపు. పాలగింజని పీల్చేస్తే అది తాలైపోతుంది, లేదా మచ్చ పడుతుంది. వరి కంకి తీసేదాకా గట్టు మీద గడ్డిలో బతుకుతుంది. పొద్దున్నా సాయంత్రం కంకుల మీదుంటుంది, ఎండెక్కితే నీడకి దిగిపోతుంది. మధ్యాహ్నం వెళ్లి చూసి పురుగు లేదనుకోకండి.

రెండోది నువ్వుగింజలో సగం ఉంటుంది. శాస్త్రం పేరు మైక్రోవీలియా, నేను నీటినల్లి అంటాను. మొదళ్ల మధ్య నీళ్ల మీదే పరిగెడుతుంది. సుడిదోమ పిల్ల జారి నీళ్లలో పడితే చాలు, నాలుగైదు కలిసి మీద పడతాయి. ఒక్కోటి రోజుకి 4 నుంచి 7 దోమల్ని తింటుంది.

నేను చేసిన తప్పేంటంటే, కంపునల్లికని వేపనూనెలో సబ్బు కలిపి మొదళ్ల దాకా తడిపేశాను. నీటినల్లి నిలబడేది నీటి పైపొర బిగువు మీద. సబ్బు పడితే ఆ బిగువు పోతుంది, పురుగు మునిగిపోతుంది. మర్నాడు నీళ్ల మీద ఒక్కటీ కదల్లేదు. తర్వాత చేనులో సుడిదోమ వలయాలు పడ్డాయి. అదొక్కటే కారణమననులెండి, స్వర్ణకి ఎలాగూ దోమ ఎక్కువే. కానీ సహజ కషాయం కదా, ఎంత పడినా పర్లేదు అనే మాట మాత్రం అప్పటినుంచి మానేశాను.

ఇప్పుడు వరి పూతకి ముందే గట్టు మీద కంకి తీసే గడ్డి కోసేస్తున్నాను. పొద్దున్నే కంకుల మీద వల ఊపి పట్టేస్తాను. ఈశాన్య రాష్ట్రాల్లో చచ్చిన పీతల్ని కర్రకి కట్టి ఎర పెడతారు, మన కాలవ గట్లకి అదేం కష్టం కాదు. దుబ్బుకి ఒకటి మించి ఉంటేనే సాయంత్రం పిచికారీ, అదీ కంకులకే సన్న తుంపర.

సుడిదోమ వస్తే చేను ఆరగట్టమంటారు, మంచి సలహానే. నేను కూడా ఆరగడతాను, కాకపోతే ఓ మూల నీళ్లు నిలిచే గుంట వదులుతాను. మళ్లీ తడి పెట్టాక రెండు రోజులాగి దుబ్బుని రెండు తట్లు తట్టి నీళ్లకేసి చూడండి. దోమ పడ్డచోటికి చిన్న నల్లపురుగులు పరిగెత్తుకొస్తే డబ్బా ఇంట్లో పెట్టేయండి.